సుంకమ్మ ఇంట్ల గేటు పడ్డది

శక్తినగర్ రోడ్డు మీద తిరిగేటోళ్లకు సుంకమ్మ పేరు తెల్వకపోయినా గేటమ్మ అంటే తెలుసు. కరెంటు ఫ్యాక్టరీకి బొగ్గు తెచ్చే రైళ్లు రోడ్డు దాటే కాడ గేటు ఏసి, జెండా పట్టుకొని నిలబడ్డ మనిషి ఆమె. మొగుడు డ్యూటీల ఉండంగనే పోతే ఆ నౌకరీ ఆమెకొచ్చింది. ఆడమనిషికి గేటేందని నవ్వినోళ్లు నవ్విండ్రు. షిఫ్టుకు ఆలస్యమైతుందని కంపెనీ బస్సుల డ్రైవర్లు హారన్ కొట్టి కొట్టి సచ్చిండ్రు. ఒకసారి ఒక పెద్ద సారు జీపు దిగొచ్చి, ఇంజన్ ఇంకా కనపడుడే లేదు, తియ్యమన్నడు. "బండి పోయినంక తీస్త సార్" అన్నది. ఆయన కన్నడంల తిట్టిండు, ఈమె తెలుగుల విన్నది. గేటు మాత్రం తియ్యలే.

బతుకంత రైళ్లకు తొవ్వ ఇచ్చుకుంట నిలబడ్డది గానీ, ఒక్క రైలన్నా తన చేతుల నడవలే. ఆ కసి లోపల్లోపల ఉండనే ఉండె. రిటైరయినంక రామా కృష్ణా అనుకుంట కూసోమని అందరు చెప్పిండ్రు. సుంకమ్మ హైదరాబాదు పోయి, కరెంటు మీద నడిచే చిన్న రైలు కొనుక్కొచ్చింది.

ఇంటి వెనక అర్రల నాలుగు గోడల పొంటి చెక్కబల్ల కొట్టించింది. నడుమ మనిషి నిలబడేంత జాగ వదిలింది. బల్ల కిందికెల్లి దూరి ఆ నడుమకు పోవాలె. బల్ల మీద పట్టాలు పరిచింది, రేకుతోని కృష్ణా నది వంతెన కట్టింది, ఫ్యాక్టరీ బూడిద కలిపి గుట్టలు చేసింది, ఖాళీ పౌడరు డబ్బాలు కోసి బొగ్గు డబ్బాలు చేసి రైలుకు తగిలించింది. ఐస్‌క్రీం పుల్లలతోని గేటు పెట్టింది. అది లేకుంటెట్ల మరి. అంతా అర్ర లోపలనే కొట్టించింది కాబట్టి ఆ బల్ల ఇగ వాకిట్లకెల్లి బయటికి పట్టదు. "బయటికెందుకు పోవాలె, ఎవరింటికన్నా సుట్టం పోతదా" అంటుండె.

అంతా బాగనే ఉండె, కొడుకు వీరేశ్ మిద్దె మీద ట్యాంకు పెట్టించిందాంక. వీరేశ్ ఫ్యాక్టరీ ఆఫీసుల పనిచేస్తడు. నల్లటి పెద్ద ట్యాంకు తెచ్చి, సరిగ్గ వెనక అర్ర నెత్తి మీద కూసోబెట్టిండు. ఆ బరువుకు కప్పు పగిలింది. పైపు అతుకు కాడ కారుతున్న నీళ్లు ఆ పగులు పట్టుకొని లోపలికి దిగినయి. ముందు వంతెన మీద చుక్క. వారం తిరిగే లోపల గుట్ట కరిగి బురదయ్యింది, పట్టాలు తుప్పు పట్టినయి, రైలు గుంజుకుంట గుంజుకుంట నడవబట్టింది. సుంకమ్మ చుక్క పడేకాడల్లా గిన్నె పెట్టింది. రైలు గిన్నెల నడుమకెల్లి పోతుంటే ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్వలే.

మేస్త్రీని పిలిస్తే రెండు తొవ్వలు చెప్పిండు. ట్యాంకు జరిపి పైన కప్పు బాగుచేసుడు ఒకటి. అట్ల కాదంటే అర్ర ఖాళీ చేసిస్తే కప్పంతటికీ కిందికెల్లి సిమెంటు గిలాబు కొట్టుడు. ట్యాంకు జరిపితే పైపులన్నీ మళ్ల పెట్టాలె, కొన్ని దినాలు ఇంట్ల నల్లా రాదు. వీరేశ్‌కు అది పరేషాన్ అనిపించింది.

"బల్ల కోయిపిద్దమమ్మా. తర్వాత మళ్ల అతికించుకో" అన్నడు.

"కారేది నీ ట్యాంకు, కోసేది నా రైలా?" అన్నది సుంకమ్మ.

"బొమ్మ రైలుకు ఇంత జిద్దేంది?"

సుంకమ్మ నిండిన గిన్నె తీసి బయట పారబోసింది.

ఆదివారం పొద్దున వీరేశ్ వడ్రంగి పని చేసే విరూపాక్షను తోలుకొచ్చిండు. చేతిల రంపం. వాకిట్ల రంపం చూసుడే ఆలస్యం, సుంకమ్మ కొంగు నడుముకు చెక్కి, బల్ల కింద దూరి నడుమకు పోయి నిలబడ్డది. పుల్లల గేటు కిందికి దించింది. మీట తిప్పితే రైలు కదిలింది. గోడకు తగిలించిన పాత ఎర్రజెండా అందుకొని, "గేటు పడ్డది" అన్నది.

విరూపాక్ష రంపం కింద పెట్టి గడప మీద కూసున్నడు.

"ఏందయ్యా, కూసున్నవ్?" అన్నడు వీరేశ్.

"ఈమె గేటు కాడ నేను సైకిలు దిగి ఎన్నిసార్లు నిలబడ్డనో సార్. రైలు పోయిందాంక తియ్యదు."

"ఆ రైలు తిరిగిందే తిరుగుతది గదయ్యా, ఎప్పుడు పోతది?"

"అది ఆమెను అడగాలె."

వీరేశ్‌కు కోపం నెత్తికెక్కింది. పోయి మెయిన్ ఫ్యూజు పీకి జేబుల ఏసుకున్నడు. ఫ్యాన్ నిలిచింది. వంటింట్ల కోడలు చైత్ర తిప్పుతున్న మిక్సీ చట్నీ సగంలనే నిలిచింది. రైలు రెండు జానలు జారి, సరిగ్గ పుల్లల గేటు నడుమ ఆగింది.

"రైలు ఆగింది గద. ఇప్పుడన్నా రా బయటికి" అన్నడు వీరేశ్.

"ఆగిన బండికి అసలే తియ్యరాదు. గేటు మీదనే ఉంది, ఎప్పుడు కదుల్తదో ఎవరికెరుక?"

"నిజమే సార్" అన్నడు విరూపాక్ష. "ఒకసారి బొగ్గు బండి గేటు మీద పొద్దుమూకిందాంక ఆగింది. కింద దూరి పోతమన్నోళ్లను ఈ జెండా కట్టెతోని కొట్టింది. నన్నూ కొట్టింది."

సుంకమ్మ నవ్వలే. కొడుకునే చూస్తుండె. "వీరేశా, నీ బడి బస్సు గూడ నిలబెట్టిన యాదికుందా? కిటికీలకెల్లి, అమ్మా తియ్యి, పరీక్ష ఉందని ఏడ్చినవ్. బస్సంత నన్ను తిట్టింది. నేను తియ్యలే. నీ బస్సు పట్టాల మీద ఉన్నప్పుడు బండి వస్తే నేనేం చేసుకోవాలె? ఆ గేటు కాడ నిలబడి ఈ ఇల్లు కట్టిన. గిందుల ఒక్క అర్ర నాది. బొమ్మో కాదో, ఇది నా రైలు. కొయ్యాలంటే ముందు నన్ను గుంజి బయటేయి."

వీరేశ్ చెయ్యి జేబుల ఫ్యూజు మీదనే ఉంది.

చైత్ర వంటింట్లకెల్లి వచ్చింది, చేతికి చట్నీ అంటుకొనే ఉంది. "నీళ్లు నేను బిందెలతోని తెచ్చుకుంట, నాలుగు దినాలకు ఏమైతది? ట్యాంకు జరుపుండ్రి. ముందు ఆ ఫ్యూజు పెట్టుండ్రి, దోశలకు చట్నీ లేదు" అన్నది.

ట్యాంకు ముందటి వరండా పిల్లర్ల మీదికి పోయింది. కప్పు పైన బాగయ్యింది. లోపల పెచ్చులూడిన కాడికి చిన్న గిలాబే కాబట్టి, మేస్త్రీ బల్ల మీద తాటిపత్రి పట్టా కప్పి, సుంకమ్మ నిలబడే నడుమ జాగల స్టూలేసుకొని కొట్టిండు. పోతపోత వాకిలి ఇంకొంచెం వెడల్పుండాలె అన్నడు. అక్కర్లేదన్నది సుంకమ్మ.

గుట్టలు మళ్ల చేసింది. పట్టాలు గీకి తుడిచింది. రైలు మళ్ల తిరిగిన పొద్దున వీరేశ్ చాయ్ పట్టుకొని గడప కాడికొచ్చి, వంగి బల్ల కిందికి కాలు పెట్టబోయిండు. సుంకమ్మ ఎర్రజెండా ఎత్తింది.

"చాయ్ సల్లారుతదమ్మా."

"సల్లారనీ."

వీరేశ్ కాలు ఎనకకు తీసుకున్నడు. పౌడరు డబ్బాలు ఒకటెంబడి ఒకటి గేటు దాటుతుంటే, చాయ్ పట్టుకొని గడప బయటనే నిలబడ్డడు.