కృపమణి చెప్పిన రెండూర్లు

కోడుమూరు పక్కన ఒక మెట్టపల్లెలో పుట్టింది కృపమణి. చదువు రాదు. సంతకానికి బదులు వేలిముద్రే. అయినా స్కాట్లాండు దేశంలో ఎడింబరో, గ్లాస్గో అని రెండు పట్నాలున్నాయని, రైలెక్కితే ఒక ఊర్లో తిన్న అన్నం అరక్కముందే రెండో ఊరు వస్తుందని, ఏ వీధిలో గాలి ఎటునుంచి కొడుతుందో కూడా కళ్ళు మూసుకుని చెప్పేది. కడపలో ఆమె పనిచేసే మిషన్ ఆసుపత్రి కాంపౌండులో చిన్నాపెద్దా అంతా ఆమెను 'సీమాయమ్మ' అనేవాళ్ళు. తెల్లవాళ్ళ సీమకు పోయొచ్చిన ఆయమ్మ అని.

ఆమె మొగుడు శాంతయ్య ఆ ఆసుపత్రి తోటకు నీళ్ళు తోడేవాడు. కూతురు దీవెనమ్మ ఇంకా పాకుతుండగానే కలరా తగిలి పోయాడు. అప్పటి డాక్టరు మక్రే దొర జాలిపడి కృపమణిని తన బంగళాలో పనికి పెట్టుకున్నాడు. తర్వాత దొరసానికి ఎల్సీ పుట్టింది. ఆ బిడ్డను పెంచే పని కృపమణికి వచ్చింది. ఎల్సీకి రెండేళ్ళు నిండేసరికి కడప ఎండలకు దొరసాని మంచం పట్టింది. పుట్టిన దేశానికి పోతేగాని కోలుకోదన్నారు. ఓడలో బిడ్డను చూసుకునేదానికి తోడు కృపమణి పోవాలి. ఆర్నెల్ల మాట. ముప్పైతొమ్మిదో సంవత్సరం అది. చలికాలం రాకముందే వెనక్కి పంపిస్తామని దొర చెప్పాడు. మోసపు మాట కాదు, ఆయన నిజంగా అట్లాగే అనుకున్నాడు.

దీవెనమ్మకు అప్పుడు నాలుగేళ్ళు. కోడుమూరులో ఉండే చెల్లెలు విశ్వాసమ్మకు పిల్లల్లేరు. "పోయిరాపో అక్కా. ఆర్నెల్లే గదా, నేను చూసుకుంటా," అంది. బిడ్డ కోళ్ళ వెంట పరిగెత్తుతూ అటు తిరిగి ఉన్నప్పుడు కృపమణి పెరటిదారిన పోయి బస్సెక్కింది. ఏడుపు చూస్తే కాళ్ళు కదలవని.

ఓడ దిగి నాలుగు నెలలైందో లేదో యుద్ధం వచ్చిపడింది. ఆడవాళ్ళను, పిల్లలను ఓడల్లో ఎక్కనిచ్చేది కష్టమైపోయింది. దొర కడపలోనే ఉండిపోయాడు. కోలుకున్న దొరసాని యుద్ధపు ఆసుపత్రిలో పనికి కుదురుకుంది. ఎల్సీ భారమంతా కృపమణి మీద పడింది. ఎడింబరోలో దొరసాని ఇల్లు, గ్లాస్గోలో దొర తల్లి, ఎల్సీ జేజి ఇల్లు. ఆ రెండిళ్ళ మధ్య బిడ్డను తీసుకుని తిరగడమే ఆమె బతుకైంది. ఎల్సీ ఆమెను 'అమ్మా' అనేది. కృపమణి వద్దనలేదు. ఆ మాట వినక ఆమె చెవులు ఎండిపోయి ఉన్నాయి.

గ్లాస్గోలో క్లైడు అనే ఏరు ఉంది. దాని గట్టున ఓడలు నిలబడతాయి. ఆ ఊరు పోయిన ప్రతిసారీ ఎల్సీని చంకనేసుకుని అక్కడికి పోయి, మన దేశపు ఖలాసీలు కనపడితే వచ్చీరాని ఉర్దూలో అడిగేది, బొంబాయికి ఓడ ఎప్పుడని. వాళ్ళు తల అడ్డంగా ఊపేవాళ్ళు.

ఒక్కసారి దొరికింది. యుద్ధం మూడేళ్ళు నడిచినాక, మిషనువాళ్ళు ఎట్లనో తిప్పలుపడి ఒక ఓడలో చోటు పట్టించారు. పెట్టె సర్దుకుంది. తెల్లారితే ప్రయాణమనగా ఎల్సీకి గొంతుజబ్బు వచ్చింది. ఊపిరాడక బిడ్డ నీలంగా అయిపోతాంది. దొరసాని గది వాకిట్లో నిలబడి, "నిన్ను ఉండమని అడిగే హక్కు నాకు లేదు కృపా," అంది. ఎల్సీ మాట రాక ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. కృపమణి మంచం పక్కన కూర్చుండిపోయింది. నెలకో రెండు నెలలకో ఇంకో ఓడ వస్తుందిలే అనుకుంది. ఎల్సీ బతికింది. ఇంకో ఓడ యుద్ధం అయిపోయేదాకా రాలేదు.

నలభైయారులో ఆమె కోడుమూరులో బస్సు దిగేసరికి దీవెనమ్మకు పదకొండేళ్ళు. విశ్వాసమ్మ ఇంటి ముందర చెనిక్కాయలు వలుస్తాంది ఆ పిల్ల. "మీయమ్మ వచ్చింది, లెయ్," అంది విశ్వాసమ్మ. పిల్ల లేచి విశ్వాసమ్మ వెనక్కి పోయి నిలబడింది. అక్కడినుంచే, "బాగుండావా పెద్దమ్మా," అంది.

విశ్వాసమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను నేర్పలేదక్కా. ఊరోళ్ళ బిడ్డలు వాళ్ళమ్మలను అమ్మా అంటాంటే, ఇదీ నన్ను అన్నింది. నాకు నోరు రాలేదు వద్దనేదానికి."

కృపమణికి ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆసుపత్రి పిల్లల వార్డులో ఆయా పనికి కుదురుకుని కూతుర్ని కడపకు తెచ్చుకుంది. పిల్ల ముద్ద ముట్టలేదు, గోడవైపు తిరిగి పడుకునేది. జ్వరం తగిలింది. ఇంక లాభం లేదని తనే తీసుకపోయి చెల్లెలికి అప్పగించి వచ్చింది. ఆ తర్వాత దీవెనమ్మ బోర్డింగు బడిలో చదివింది, కర్నూలులో ఆడపిల్లల బడికి టీచరైంది, తనలాగే టీచరైన దావీదురాజును పెండ్లి చేసుకుంది. పెండ్లిలో తల్లి స్థానంలో విశ్వాసమ్మ నిలబడింది. కృపమణి పందిట్లో విస్తర్లు సర్దింది. క్రిస్మసుకు కర్నూలు పోయేది, ఒక పూట ఉండి వచ్చేది. కూతురు మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. కొత్త చీర పెట్టేది. చుట్టాలకు పెట్టినట్టు.

అట్లాంటిది, యాభైయెనిమిదో సంవత్సరం ఎండాకాలంలో దీవెనమ్మ చెప్పాపెట్టకుండా కడపకు వచ్చింది. సంఘంవాళ్ళు ఆమెను ఇంకొందరు టీచర్లతో కలిపి ఇంగ్లండుకు పంపిస్తున్నారు, మూడు నెలల శిక్షణకు. చివర్లో స్కాట్లాండులో నాలుగు దినాలు. ఎడింబరోలో రెండు, గ్లాస్గోలో రెండు.

"ఆడ ఏమేం చూడాల్నో నీకు తెలుసు గదా. అడుగుదామని వచ్చినా పెద్దమ్మా," అంది.

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ బిడ్డ తనను ఒకటి అడగడం అదే మొదలు. కృపమణి చేతులు పైటకు తుడుచుకుని, నాపరాళ్ళ అరుగు మీద నీళ్ళు చల్లి చాప వేసింది. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. బయట ఎండ మండిపోతాంది. ఆమె చలిదేశం గురించి మొదలుపెట్టింది.

"ముందు చెవులకు గుడ్డ కట్టుకో పాపా. ఎడింబరో గాలి మన గాలి మాదిరి కాదు, చెవిలో దూరి పండ్లల్లో తేల్తాది. ఎండుండాదని మోసపోవద్దు, గొడుగు చేతిలోనే పెట్టుకో. రైలు దిగుతానే పెద్ద వీధి వస్తాది, ఒక పక్కంతా అంగళ్ళు, ఇంకో పక్క తోట. నువ్వు తోట పక్కన నడువు. ఆన్నుంచి తల ఎత్తితే కోట కనపడతాది."

"కోట బాగుంటాదా?"

"గండికోట చూసిన కండ్లకు అదేమంత పెద్దది కాదు. అయినా ఎక్కు. ఒంటిగంటకు ఫిరంగి పేలుస్తారు, ఉలిక్కిపడొద్దు. ఊరంతా దాన్ని బట్టే గడియారాలు తిప్పుకుంటాది. పొద్దున పూట వాళ్ళు జావ పెడతారు, ఉప్పేసుకుని తాగు. మన కొర్రజావ అనుకో, దిగతాది. చక్కెర వేసుకుంటే జేజమ్మలు నవ్వుతారు."

దీవెనమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి కృపమణి ఇంకాస్త ముందుకు జరిగింది.

"ఇంకొకటి. ఆ ఊర్లో పెద్ద చెట్లతోట ఉండాది, దాంట్లో అద్దాల ఇల్లు. లోపల వెచ్చగా ఉంటాది, అరటిచెట్లు, ఈతచెట్లు పెంచుతారు. నీకు ఇల్లు గుర్తొస్తే ఆడికి పో. మన్ను వాసన వస్తాది."

"నువ్వు పోయేదానివా?"

"పోయేదాన్ని," అంది కృపమణి.

గ్లాస్గో గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారింది. "ఎడింబరో వాళ్ళు మర్యాదస్తులు. గడప దగ్గరే, టీ తాగే వచ్చింటావులే అంటారు. గ్లాస్గో వాళ్ళు అట్ల కాదు, మొగం తెలియకపోయినా చెయ్యి పట్టి కూర్చోబెట్టి పోస్తారు. రెండూర్ల వాళ్ళకూ ఒకరంటే ఒకరికి గిట్టదు. ఈ ఊర్లో ఆ ఊరిని మెచ్చుకోవద్దు. గ్లాస్గోలో ట్రామెక్కు. చదువొచ్చినా రాకపోయినా పర్వాలేదు, రంగు చూసి ఎక్కేదే. ఎర్రరాతి మ్యూజియం ఒకటి ఉండాది, దుడ్లు అడగరు. లోపల మన దేశపు ఏనుగు, సచ్చినాక గడ్డి కూరి నిలబెట్టినారు. నేను దాని కాడ నిలబడి తెలుగులో మాట్లాడేదాన్ని. వేరే ఎవురితో మాట్లాడాల?"

"ఓడలు నిలబడే ఏటిగట్టు శానా బాగుంటాదంట గదా. మాతో వచ్చే ఒకామె చెప్పింది."

"వద్దు," అంది కృపమణి. "ఆడ చూసేదానికి ఏమీ లేదు. మసి, తాళ్ళు, అంతే."

సాయంత్రం దాకా కూతురు ఆమె పక్కనే కూర్చుంది. మధ్యలో సంకటి తిన్నారు. కృపమణి అంత సంతోషపడిన దినం అంతకుముందు లేదు, ఆ తర్వాత రాలేదు. ఆ సంతోషంలోనే, బస్సు టైమవుతుండగా ఆమె నోరు జారింది. "ఎడింబరోలో ఎల్సీ ఉండాది. నన్ను మరిచిపోలేదు. తనను చూసి రా పాపా. నేను అడిగినానని చెప్పు." దొరసాని ఇంటి వీధి పేరు కూడా చెప్పింది.

వానలు మొదలైనాక దీవెనమ్మ తిరిగొచ్చింది. కర్నూలుకు వచ్చిన చాలా దినాలకు కడపకు వచ్చింది. కృపమణికి ఉలెను శాలువ తెచ్చింది. చాప వేసినా కూర్చోలేదు, స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"చూసినావా పాపా?"

"చూసినా. ట్రాములకు నువ్వు చెప్పిన రంగులు లేవు ఇప్పుడు, అన్నీ ఒకటే మాదిరి. ఎడింబరోలో అయితే ట్రాములే తీసేసినారు. ఏనుగు ఉండాది."

"ఎల్సీ?"

"ముందే జాబు రాసింటి. టేసనుకే వచ్చింది. రెండూర్లూ తనే తిప్పింది. అమ్మ బాగుందా అని అడిగింది. ఎవరిని గురించి అడుగుతాందో నాకు కొంచేపు తెలియలేదు." దీవెనమ్మ వాకిలి వైపు చూస్తూ మాట్లాడుతోంది. "నన్ను ఏటిగట్టుకు తీసుకపోయింది. మీయమ్మ ఈడ నిలబడి ఓడ కోసం అడిగేది, దొరక్కూడదని నేను దేవునికి మొక్కుకునేదాన్ని అని చెప్పింది. తర్వాత ఆ జబ్బు సంగతి చెప్పింది. నా కోసం మీయమ్మ ఓడ వదులుకుంది, నేను బతికుండానంటే ఆమె వల్లనే అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకు ఆ సంగతి తెలుసనుకుంది పాపం."

తను వేసిన చాప మీద తనే కూర్చుంది కృపమణి.

"ఓడలు లేక రాలేదు అనుకుంటాంటి ఇన్నాళ్ళు," అంది దీవెనమ్మ. "అమ్మ కూడా అట్లనే చెప్పింది."

"ఆ బిడ్డకు ఊపిరాడలేదు పాపా. ఇంకో ఓడ వస్తాదనుకున్నా."

దీవెనమ్మ స్తంభం వదిలి ఒక అడుగు దగ్గరికి వచ్చింది. తర్వాత, కొంచెం మెత్తగానే అడిగింది. "యుద్ధంలో శానా ఓడలు మునిగినాయంట గదా. నువ్వు ఎక్కాల్సిన ఓడ, అది బొంబాయికి చేరిందా?"

కూతురు తనకు ఒక దారి చూపిస్తోందని కృపమణికి తెలిసింది. మునిగింది అంటే చాలు. దాంట్లో ఎక్కింటే నువ్వు నాకు అసలు దక్కేదానివే కాదు అని ఆ బిడ్డ ఒడిలో పడి ఏడ్చేదేమో. నిజమో కాదో ఇంకొకరిని అడిగి తెలుసుకునే దిక్కు కూడా ఆ బిడ్డకు లేదు. కానీ ఆ ఓడలోనే పనిచేసిన ఖలాసీ ఒకడు మరుసటేడు ఏటిగట్టు మీద కనపడి ఆమెకు చెప్పి ఉన్నాడు.

"చేరింది," అంది కృపమణి. "దారిలో ఏమీ కాలేదంట."

దీవెనమ్మ తలూపింది. శాలువ మడత విప్పి చాప మీద పెట్టి, "చలికాలం కప్పుకో," అని చెప్పి, మధ్యాహ్నం బస్సుకే పోయింది.

ఆ క్రిస్మసుకు పిలుపు రాలేదు. మరుసటేడు వానల్లో, కర్నూలు నుంచి వచ్చిన కాంపౌండరు లాజరు, "మనమరాలు పుట్టిందంట గదా సీమాయమ్మా, ఇంకా ఈడే ఉండావే?" అన్నాడు. ఆమె పాతచీరలు ఉతికి చింపిన మెత్తటి గుడ్డలు, వసకొమ్ము, వాము మూట కట్టుకుని నంద్యాల మీదుగా పోయే బస్సెక్కింది.

దావీదురాజు ఎదురొచ్చి మూట అందుకున్నాడు. "రా అత్తా, లోపలికి రా," అన్నాడు. పెరట్లో విశ్వాసమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని బిడ్డకు నీళ్ళు పోయబోతాంది. అక్కను చూసి ఆమె మొహం విప్పారింది. "నువ్వు పోయక్కా. నాకు చేతులు వణుకుతాండాయి. నీ చేతికైతే అలవాటు."

కృపమణి చీర మోకాళ్ళ దాకా సర్దుకుని కూర్చోబోయింది.

"వద్దులే అమ్మా," అని గదిలోనుంచి దీవెనమ్మ గొంతు వినపడింది. "నువ్వే నీళ్ళు పొయ్యి."

కోపంగా అనలేదు. పని చెప్పినట్టు అంది. విశ్వాసమ్మ తల వంచుకుంది. కృపమణి లేచి, కాగులో వేన్నీళ్ళు తోడి, చన్నీళ్ళు కలిపి, మోచేయి ముంచి వేడి చూసి, చెంబు తర్వాత చెంబు చెల్లెలికి అందించింది. బిడ్డ ఎర్రగా, నోరంతా తెరిచి ఏడ్చింది. తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, విశ్వాసమ్మ బిడ్డను తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది. కృపమణి బిడ్డ నుదురు వాసన చూసింది. బిడ్డ మళ్ళీ ఏడ్వగానే పాలకేమో అని లోపలికి పంపించింది.

అన్నం తిని పోదువని అల్లుడు బలవంతం చేశాడు. తిన్నది. విశ్వాసమ్మ బస్టాండు దాకా తోడు వచ్చింది. "ఎప్పటికైనా కరుగుతాదిలే అక్కా," అంది.

"దాన్ని ఏమనొద్దు విశ్వాసం. అడిగేదానికి దానికి హక్కుండాది. నేను మళ్ళీ ఆ మంచం కాడ కూర్చున్నా, లేచి ఓడెక్కగలనని చెప్పలేను. అది దానికి తెలిసిపోయింది."

కడపకు చేరిన మర్నాడు ఆమె ఆసుపత్రి పెద్ద నర్సు దగ్గరకు పోయి, తనను పిల్లల వార్డు నుంచి తీసి దోబీపనికి వెయ్యమని అడిగింది. మోకాళ్ళ నొప్పి అని చెప్పింది. నొప్పి ఉన్నవాళ్ళు నిలబడి దుప్పట్లు ఉతికే పని అడగరని ఆ నర్సుకు తెలుసు, కానీ ఆమె మొహం చూసి ఒప్పుకుంది. ఆ తర్వాత కృపమణి ఆసుపత్రి వెనక తొట్ల దగ్గరే పనిచేసింది. కొత్తగా వచ్చిన నర్సులెవరైనా సరదాగా, "సీమాయమ్మా, ఆ ఊర్లు ఎట్లుంటాయో చెప్పు," అంటే, దుప్పటి కొస వాళ్ళ చేతికిచ్చి, "ఇది పట్టుకో, పిండాల," అనేది.