సవతికి పెట్టిన చీర

శేషారత్నం తన సవతిని ఒక్కసారి కూడా చూడలేదు. చూడకపోయినా, ఆమెతో పెట్టుకున్నన్ని తగాదాలు కట్టుకున్న మొగుడితో కూడా పెట్టుకోలేదు. గోడమీది ఫొటోలో వజ్రమ్మ పాతికేళ్ళ పిల్లగానే ఆగిపోయింది. శేషారత్నానికేమో యాభై దగ్గరపడి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. నీకేం తల్లీ, హాయిగా గోడెక్కి కూర్చున్నావని ఫొటో తుడిచినప్పుడల్లా ఒక మాట విసరందే ఆమెకు తోచదు.

వజ్రమ్మ జ్వరమొచ్చి పోయేనాటికి కూతురు పావనికి నడకైనా సరిగ్గా రాలేదు. పిల్లను చూసే దిక్కు లేదని యలమందయ్యకు ఏడాది తిరక్కుండానే మళ్ళీ పెళ్ళి చేసింది అతని తల్లి నాంచారమ్మ. అలా శేషారత్నం చిలకలూరిపేట శివార్లలోని ఆ రెండు గదుల ఇంటికి కోడలైంది. స్పిన్నింగు మిల్లులో పని చేస్తూ పావనిని పెంచింది, చదివించి టీచరును చేసింది. వీధిలో ఎవరైనా సవతి తల్లి అన్నారంటే వాళ్ళ ఏడు తరాలనూ రోడ్డు మీదికి లాగేంత నోరు ఆమెది.

ఏటా ఒక్క రోజు మాత్రం ఆ నోరు మెత్తబడేది. భాద్రపదం చివర మహాలయ అమావాస్య నాడు పెద్దలకు పెట్టుకోవాలి. నడింట్లో గోడవార కడిగి ముగ్గు వేసి, పీటకు పసుపు రాసి, మామగారినీ, అత్తగారినీ, వజ్రమ్మనూ దాని మీద వరసగా నిలబెట్టేది. అద్దాలకు బొట్లు, మెడల్లో బంతిపూల దండలు. ఎదురుగా మామగారికి పంచె, అత్తగారికి తెల్లచీర, వజ్రమ్మకు రంగుచీర. అరిటాకులో గారెలు, పరమాన్నం, కోడికూర, మామగారి కోసం ఒక చుట్ట. సాంబ్రాణి వేసి దణ్ణాలు పెట్టుకున్నాక, పెద్దలు మొహమాటపడకుండా తింటారని తలుపు దగ్గరగా వేసి అందరూ బయటికొచ్చేసేవారు. తర్వాత ఆ బట్టల్ని ఇంట్లోవాళ్ళే కట్టుకోవాలి. తెల్లచీర మాత్రం వీధి చివరి ముసలావిడకు వెళ్ళేది.

చిక్కల్లా వజ్రమ్మ చీరతోనే. అది రామచిలక పచ్చ. వజ్రానికి పచ్చంటే పంచప్రాణాలని కాపురానికొచ్చిన కొత్తల్లోనే అత్తగారు చెప్పింది. శేషారత్నం ఒంటికి ఆ రంగు బొత్తిగా నప్పదు. అయినా ఏటా అదే కొన్నది, అదే పెట్టింది, అదే కట్టుకుంది. మర్నాడు మిల్లులో ఆడవాళ్ళు జామకాయ కావాలా అని వేళాకోళం చేస్తే పడింది. అత్తగారు పోయాకైనా మానేయొచ్చు కదా? మానలేదు. ఆమె బిడ్డను ఎత్తుకున్నాను, ఆమె పొయ్యి వెలిగించాను, ఆమెకిష్టమైన రంగు కట్టుకోలేనా అనేది. ఆ చీర కట్టుకున్న పూట మాత్రం, ఈ ఇంట్లో తాను ఒకరి చోటు ఆక్రమించిన మనిషిలా కాక, ఆ ఒక్కరూ ఒప్పుకుని రానిచ్చిన మనిషిలా అనిపించేది ఆమెకు.

ఈ ఏడు పావనికి సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్ళి. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పెళ్ళిపీటల దాకా తేవలసింది మేనమామ. ఆ మేనమామ, వజ్రమ్మ తమ్ముడు అంకమరావు, పర్చూరు దగ్గర పొగాకు రైతు. అక్క సంవత్సరీకమైనా కాకుండా బావ పెళ్ళికొడుకయ్యాడన్న కోపంతో ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నాడు. ఒట్టు మీదే ఇరవై ఏళ్ళు గడిపేశాడు మహానుభావుడు. పావని తనే ఫోను చేసి, నువ్వు రాకపోతే నేను గంప ఎక్కనే ఎక్కను మామయ్యా అన్నది. అతను, ముందు మా అక్కను ఆ ఇంట్లో ఎట్టా చూసుకుంటున్నారో కళ్ళారా చూడాలి, అమావాస్యకు వస్తానన్నాడు.

ఇక శేషారత్నానికి నిద్ర పట్టలేదు. అతనికి ఏ చిన్న లోపం కనిపించినా వెనక్కి తిరిగి పోతాడు, తల్లి వైపు మనిషంటూ లేకుండా పిల్ల పెళ్ళి జరుగుతుంది, ఆ తప్పు తనదవుతుంది. గోడలకు సున్నం వేయించింది. ఫొటోలకు కొత్త ఫ్రేములు కట్టించింది. బజారంతా తిరిగి, అంతకు మించిన పచ్చ లేదనిపించిన చీర కొన్నది. పీట వంకరగా పెట్టాడని యలమందయ్యను పొద్దుటి నుంచీ తిడుతూనే ఉంది.

అంకమరావు మోటారు సైకిలు దిగి, కాళ్ళు కడుక్కుని, ఎవరినీ పలకరించకుండా నేరుగా పీట దగ్గరికి వెళ్ళాడు. అక్క మెడలో దండ చూశాడు, ఆకులో గారెలు చూశాడు. అతని ముఖం మెత్తబడుతోందని శేషారత్నం అనుకునేలోపే చీర దగ్గర అతని చూపు ఆగిపోయింది.

"ఇది ఎవరికి?"

"మీ అక్కకేనండి. ఏటా ఇదే రంగు పెడతాను."

"మా అక్కకు పచ్చంటే ఒళ్ళుమంట" అన్నాడు అంకమరావు.

శేషారత్నం చీర వైపూ ఫొటో వైపూ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్ళూ తాను భక్తిగా పెట్టింది ఆమెకు గిట్టని చీరా? పావని తండ్రి వైపు చూసింది. ఆడాళ్ళ చీరల సంగతి నాకేం తెలుసన్నాడు యలమందయ్య. ఇద్దరు పెళ్ళాలు ఏటేటా పచ్చచీరల్లో కళ్ళముందే తిరిగితే, పాపం, ఆయనకు ఒక్కనాడూ కనబడలేదు.

"అక్కకు పచ్చ ఇష్టమని ఎవరు చెప్పారమ్మా నీకు?" అని శేషారత్నాన్ని అడిగాడు అంకమరావు.

శేషారత్నం గడ్డంతో అత్తగారి ఫొటో వైపు చూపించింది. నాంచారమ్మ తెల్లచీర కొంగు తలమీదుగా కప్పుకుని, తనకేమీ తెలియనట్టు కూర్చుని ఉంది.

అంకమరావు మీసాలు అదిరాయి. కోపమేమోనని అందరూ హడలిపోయారు గానీ, అది నవ్వు. పండగకు పుట్టింటికొచ్చినప్పుడల్లా అక్క సంచిలోంచి పచ్చచీర తీసి మంచం మీద విసిరికొట్టి, మా అత్త నన్ను చిలకను చేసి పంపింది రా తమ్ముడూ అని తిట్టిపోసేదట. చెబుతూ చెబుతూ అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్నడూ చూడని సవతి తిట్లు వింటుంటే శేషారత్నానికి సొంత మనిషి మాట్లాడినట్టే ఉంది. ఆమెకూ నవ్వాగలేదు.

అంతలో ఆమెకు అత్తగారు గుర్తొచ్చింది. తను పచ్చచీర కట్టుకున్న ప్రతిసారీ ముసలామె ఎదురుగా నిలబెట్టి, అటు తిరుగు, ఇటు తిరుగు అంటూ కళ్ళారా చూసుకునేది. చిన్న వయసులో మొగుడు పోయిన మనిషి. ఆ నాటినుంచి చచ్చేదాకా రంగుచీర ఎరగదు. పాపిష్టిదాన్ని, పచ్చ మీద మోజు ఆమెదేనని ఇన్నేళ్ళూ తట్టలేదే అని శేషారత్నం లెంపలు వేసుకుంది. తెల్లచీర తీసి పక్కన పెట్టి, పచ్చచీరను అత్తగారి ముందు పరిచింది. అమ్మకు రంగుచీరేంది, నలుగురూ ఏమనుకుంటారని యలమందయ్య గొణిగాడు.

"పోయినామెకు నలుగురితో పనేంది? ఇష్టమైంది కట్టుకోనీ" అన్నది శేషారత్నం. నాయనమ్మ పేరు చెప్పుకుని ఆ చీర నేను కట్టుకుంటానులే అన్నది పావని.

ఇప్పుడు వజ్రమ్మ ముందు చోటు ఖాళీగా ఉంది. శేషారత్నం లోపలికి వెళ్ళి బీరువా తీసింది. పావని పెళ్ళిలో తాను కట్టుకోవాలని కొనుక్కున్న చీర ఉందందులో. మీగడ రంగు, సన్నని జరీ అంచు. దాన్ని తెచ్చి ఫొటో ముందు పెట్టింది.

"నీకేది నచ్చుద్దో నాకు తెలీదు. ఇది నాకు నచ్చింది. నచ్చకపోతే నీ తమ్ముడితో చెప్పుకో" అన్నది వజ్రమ్మతో.

సాంబ్రాణి వేశారు. అందరూ దణ్ణాలు పెట్టుకున్నారు. తలుపు దగ్గరగా వేసి వసారాలో కూర్చున్నారు. వజ్రమ్మ తమ్ముడు ఏమనుకుంటున్నాడో అతని ముఖం చూస్తే తెలియడం లేదు.

తలుపు తీశాక శేషారత్నం చీర మీద చెయ్యి వేయడానికి జంకింది. తోడబుట్టినవాడు ఎదురుగా ఉండగా, దాన్ని తీసుకునే హక్కు తనకుందో లేదో. అంకమరావు ముందుకొచ్చి, చీరను రెండు చేతులా తీసి, దాని మీద రెండు అరటిపళ్ళు పెట్టి, పుట్టింటివాళ్ళు ఆడపడుచుకు ఇచ్చినట్టు ఆమె చేతుల్లో పెట్టాడు.

"అమావాస్య పూట పెళ్ళి మాటలొద్దు. దసరాకు మన ఊరు రా అక్కా. గంప సంగతి అక్కడ మాట్లాడుకుందాం. ముందు ఈ చీర కట్టుకుని రా, ఆకలేస్తంది."

లోపలి గదిలో శేషారత్నం కుచ్చెళ్ళు పోసుకుంటుంటే అవి జారిపోతూనే ఉన్నాయి. కూర చల్లారిపోతోందని యలమందయ్య బయటినుంచి కేకలేస్తున్నాడు. చివరికి పావని వెళ్ళి, ఆమె కళ్ళు తుడిచి, పిన్నీసు పెట్టి, చెయ్యి పట్టుకుని భోజనాల దగ్గరికి తీసుకొచ్చింది.