ఏడ దిగుతవమ్మా?

ఉప్పల్ బస్సు కండక్టరు సూర్యకళ ఎవరి కథా చివరిదాకా వినదు. ఎక్కినావిడ కోడలి కాన్పు దగ్గర మొదలుపెట్టినా సరే, "గదంతా తర్వాత. ఏడ దిగుతవమ్మా?" అని అడిగి, ఆ స్టాపు పేరొక్కటి చెవిన వేసుకుని టికెట్టు కొట్టేస్తుంది.

కూతురు స్పందన లా కాలేజీ ప్రవేశ పరీక్షకు చదువుతోంది. అందులో పేజీ పొడవునా సాగే వ్యాసం చదివి, దాని కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు రాయాలి. సగం చదివేసరికి మొదలు మరిచిపోయి కళ్లనీళ్లు పెట్టుకునేది.

"ముందుగాల ప్రశ్న సూడు బిడ్డా. ఏడ దిగాల్నో ఎరికైతే, కథల ఏం పట్టుకోవాల్నో తెలుస్తది" అంది సూర్యకళ.

పరీక్ష నాచారంలో జరిగింది. బాగా రాసిన స్పందన, తల్లి బస్సే ఎక్కి, గేటు దగ్గర తనిఖీ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పసాగింది. సూర్యకళ టికెట్లు ముగించి పక్కన కూర్చుంది. వాళ్లింటి స్టాపు దాటిపోయింది. ఏడ దిగుతవని మాత్రం ఆమె అడగలేదు.