ఏడో మెట్టు

గిటార్లు బాగుచేసే మేస్త్రి దగ్గరికి ఒకసారి బాగుచేసినది మళ్లీ వస్తే, తప్పు వాయించేవాడిదే అయ్యేది. ముప్పై ఏళ్లుగా అదే తీర్పు. మంచి పనిమంతుడు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ ఉదయం ఒకావిడ మూడు బేస్ గిటార్లు బల్ల మీద పెట్టింది. నల్లది, ఎర్రది, చెక్కరంగుది. ఆమె అన్నయ్య ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు; బయటి చప్పుడు రాకుండా పడకగది కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక్కడే తొమ్మిది పాటలు రికార్డు చేసుకున్నాడు. అతను పోయి రెండేళ్లయింది.

"ఒంటిగదిలోకి మారుతున్నానండీ. ఒక్కటే పెట్టుకోగలను. ఆ పాటలు వాయించినదే కావాలి. మిగతావి సంగీతం బడికి ఇచ్చేస్తాను."

"వాయిస్తుండగా తీసిన ఫోటోలేమైనా ఉన్నాయా?"

"ఫోటో అంటే పన్ను పీకుతున్నట్టు పారిపోయేవాడు."

ఆమె ఫోన్లో మూడో పాట పెట్టింది. మంద్రంగా నడుస్తున్న వరస ఒకచోట ఆగి, ఒక తాళపు దెబ్బ ఖాళీ వదిలి, పైస్వరం అందుకుంది. మళ్లీ అక్కడికి వచ్చినప్పుడూ అంతే.

"విన్నవాళ్లంతా మెచ్చుకునేది ఆ ఖాళీనే" అంది ఆమె.

మేస్త్రి ఆకురాయిని బల్ల మీద అటునుంచి ఇటు జరిపాడు. పదకొండేళ్ల కిందట ఎర్రదాని మెడ మీది లోహపు మెట్లు సరిచేస్తూ, ఎవరితోనో కబుర్లలో పడి, లావు తీగ కింద ఏడో మెట్టును ఎక్కువ అరగదీశాడు. వారానికి ఆ గిటారు తెచ్చినతను తిరిగొచ్చాడు. "ఇక్కడ నొక్కితే జుయ్యిమంటోంది మేస్త్రిగారూ." "ఆడలేక మద్దెల ఓడు అన్నాడట నీలాంటివాడు! వేలు గట్టిగా నొక్కు నాయనా" అన్నాడు మేస్త్రి. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వి, గిటారు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"ఎర్రది" అన్నాడు మేస్త్రి.

"ఎలా తెలిసింది?"

"శబ్దాన్ని బట్టి."

"నాకు మూడూ ఒకేలా వినిపిస్తాయండీ. ఇచ్చేశాక మళ్లీ అడగలేను. కచ్చితంగా చెప్పండి."

మేస్త్రి నల్లదాని ఏడో మెట్టు నొక్కి లావు తీగ మీటాడు. శుభ్రంగా పలికింది. చెక్కరంగుదీ అంతే. ఎర్రది జుయ్యిమంది.

"ఈ స్వరం తప్పించుకోవడానికే అక్కడ ఖాళీ వదిలాడమ్మా. తప్పు నా చేతిది. వచ్చి చెప్పాడు కూడా. వేలిదే లోపమని పంపించేశాను."

ఆమె ఆ మెట్టును వేలితో తడిమింది.

"రోజూ ఆఫీసుకెళ్లే ముందు అరగంట అక్కడే నొక్కుతూ కూర్చునేవాడు. వేలి చివర కాయ కాసింది. నేనూ 'మొద్దు వేలు' అని వెక్కిరించేదాన్ని."

మేస్త్రికి ఆమె ముఖంలోకి చూడబుద్ధి కాలేదు. "మెట్టు మార్చేస్తానమ్మా. అరగంట పని."

"అరగంటేనా?" అంది ఆమె. "ఇప్పుడెవరు వాయిస్తారులెండి."

ఎర్రదాన్ని దాని పెట్టెలో పెట్టి మూత వేసింది. గొళ్లెం పడలేదు.

"ఇది మాత్రం బిగించండి."

మేస్త్రి మర బిగించాడు. మూత తెరిచి మూశాడు. మళ్లీ తెరిచి మూశాడు. తర్వాత పెట్టెను ఆమె వైపు తిప్పాడు.

"సరిగ్గా పడుతోందో లేదో మీరే ఒకసారి చూడండమ్మా."