పూలదండ వేసుకున్న పడవ

ఎర్రమ్మ పిన్ని పడవకు యూరప్‌లో పన్ను పెరగడానికి కారణం నేనే. జుట్టు నెరుస్తున్నా, చేతికి ఫోన్ దొరికితే నాకు బుద్ధి నిలవదు.

మా రేవు ఊరు బాగన్ దాతుక్‌లో పిన్ని పాత చెక్కపడవల పగుళ్ళు పూడుస్తుంది. ఎవరో ఆమెకు ఇచ్చేసి వెళ్ళిన తెరచాప పడవ గట్టుమీద ఏళ్ళుగా ఎండుతుంటే, దాన్ని చెక్క చెక్కా మార్చి బాగుచేసింది. అది మళ్ళీ సముద్రం మీద తిరగాలన్నదే ఆమె ఆశ. చివరికి హాలండ్ నుంచి వచ్చిన ఒకాయన తన దేశానికి నడుపుకుపోతానన్నాడు. బయటి నుంచి వచ్చే పడవకు అక్కడ విలువను బట్టి పన్ను కట్టాలట. విలువ కట్టేవాళ్ళకు ఫోటోలు కావాలన్నాడు.

ఆ పని నేను తీసుకున్నాను. మనవాళ్ళు కొత్త కారుకు పూజ చేసినట్టే, పడవకు నిగనిగలాడే రంగు పూసి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, చామంతిదండ వేసి మరీ తీశాను. అక్కడివాళ్ళు అది సరికొత్త పడవ అనుకున్నారు. అంత పన్నయితే నాకొద్దన్నాడు హాలండ్ ఆయన.

పిన్ని దండ తీసేసి, రంగంతా గీకి, అతుకులూ తుప్పు మేకులూ కనబడేలా మళ్ళీ ఫోటోలు తీయించింది. పన్ను తగ్గింది. ఆయన కడతానని ఒప్పుకున్నాడు.

"అందంగా సూపిద్దామనే సేసినాను పిన్నీ," అని గొణిగాను.

"పడవకి వొయసు దాసేత్తే పన్ను పెరిగిపోతాదిరా గుంటడా. మిగిలిన రంగు పారీకు, రేపు నీ పెళ్ళిసూపులకి నీకే కావాల," అంది.