ఒకే ఇంటిపేరు

గల్ఫులో, ఫహాహీల్ అనే ఊళ్ళో నేను వంట చేసే ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేరు బేకర్. మొన్న చలికాలంలో మేడమ్ వాళ్ళ నాన్న వచ్చాడు. పంటినొప్పి అంటే క్లినిక్‌కు నేనే తోడు వెళ్ళాను. అక్కడ ఆయన్నూ బేకర్ అనే పిలిచారు. నా గుండె గుభేలుమంది. అంటే మేడమ్ పుట్టిల్లూ బేకరే, మెట్టినిల్లూ బేకరే. మా కడప వైపు ఒకే ఇంటిపేరున్న ఆడా మగా అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. పెళ్ళి మాటెత్తితే ముఖాన ఉమ్మేస్తారు.

పరాయివాళ్ళ సంసారం నాకెందుకని ఊరుకునేదాన్నే. కానీ ఇక్కడే పక్కన మహబూలాలో సెలూన్‌లో పనిచేసే నా చెల్లెలు ఒక కోనసీమ డ్రైవరును చేసుకుంటానని పట్టుబట్టింది. కులం కలిసింది, ఈడు కలిసింది, ఇంటిపేరు కూడా కలిసింది. ఆ చివరిది కలవడమే మా కొంప ముంచింది. "నువ్వు చెప్తేనే అమ్మ ఇంటాది. లేకుంటే నాకు పెండ్లే వద్దు" అని కూర్చుంది చెల్లెలు. నాకు నిద్ర కరువైంది. కూరలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తుండటం లేదు.

ఉండబట్టలేక మేడమ్‌నే అడిగేశాను. ఆమె పడీ పడీ నవ్వింది. పూర్వం వాళ్ళ దేశంలో ఊరూరా రొట్టెలు కాల్చేవాడు ఉండేవాడట. చేసే పనినిబట్టి అతన్ని బేకర్ అనేవారట. తరవాత కొడుకు చేపలు పట్టినా, మనవడు చెప్పులు కుట్టినా ఆ పిలుపు వదల్లేదు, ఇంటిపేరై కూర్చుంది. "మా నాన్నవాళ్ళ పొయ్యి వేరు, మా ఆయనవాళ్ళ పొయ్యి వేరు" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మాది ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు. అదే పేరుతో కోనసీమలో ఇంకో ఊరు ఉండకూడదా? శుక్రవారం ఆ అబ్బాయిని మంగఫ్‌లో టీ కొట్టు దగ్గరికి రమ్మన్నాను. చెల్లెల్ని రావద్దన్నాను.

"మీ పెద్దోళ్ళు మొదట్నుంచీ కోనసీమోళ్ళేనా నాయనా?" అన్నాను. అవునంటాడనే ధైర్యంతోనే అడిగాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. "కాదండి. మా ముత్తాత కరువులో కడప వైపు నుంచి వచ్చేశారంటండి. మీ ఊరేనేమోనండి. దాచిపెట్టి చేసుకుంటే బాగోదు కదండీ" అన్నాడు.

నా ధైర్యమంతా నీరుగారిపోయింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. అవునండీ అని ఒక్క మాట అనుంటే మా అందరి నెత్తిన పాలు పోసినవాడయ్యేవాడు. అతని ముఖం చూడలేక లేచి వచ్చి బస్సెక్కాను. దారంతా అదే ఆలోచన. సంబంధం తప్పిపోతుందని తెలిసీ నిజం చెప్పాడు. ఇట్లాంటివాణ్ణి కాదని, చెల్లెలికి ఇంకెవణ్ణి తేవాలి నేను?

ఇల్లు చేరకముందే చెల్లెలు ఫోన్ చేసింది. "ఏమన్న్యాడక్కా? ఖలాసేనా?" అంది.

"వానికి అబద్ధమాడేది చేతకాదు. వాన్ని పెట్టుకోని ఎట్ల బతుకుతావో ఏమో. అమ్మతో నేను మాట్లాడతాలే" అన్నాను.

అమ్మకు ఫోన్ కలిపాను. సంబంధం అన్న మాట వినగానే అమ్మ ముందుగా అడిగింది ఇంటిపేరే.

"మనదేమ్మా" అన్నాను, కళ్ళు గట్టిగా మూసుకుని.