గోళీ పనిచేసే గంట

మా పక్క క్వార్టర్‌లో ఉండే కాకకు వణుకుడు జబ్బు. గోళీ వేసుకున్న అరగంటకు చేతులు నెమ్మదించేవి, కాసేపటికి మళ్లీ మొదటికొచ్చేవి. ఆ మధ్య దొరికే మంచి గంటలో కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చి, స్లాబును తట్టి, చెవి రిక్కించి వినేవాడు. బొగ్గుబాయిలో ఉన్నన్నేళ్లూ ఆయన పని అదే. పైకప్పు గుల్లగా మోగితే మనుషుల్ని బయటికి పంపేవాడు.

"మంచిగున్నది బిడ్డా, ఫికర్ లేదు," అనేవాడు. స్లాబుకేమవుతుందని మా ఆయన నవ్వేవాడు. నాకు మాత్రం ఆ మాట వింటేనే ధైర్యం.

మేము ఇల్లు మారిన రోజు, కొత్త ఇంటి కప్పు కూడా చూడాలన్న ఆత్రంలో రెండు గోళీలు ఒకేసారి వేసుకొచ్చాడు. మందు ఎక్కువై ఒళ్లంతా మెలికలు తిరిగింది. కర్ర ఒక్కచోట నిలవలేదు.

"ఇయ్యాల చెయ్యి నా మాట ఇంటలేదు బిడ్డా. రేపొచ్చి చూస్త."

ఆ వారమే మంచాన పడ్డాడు. మళ్లీ లేవలేదు.

ఇప్పుడు వాన పడ్డప్పుడల్లా చీపురుకర్రతో నేనే కప్పు తడతాను. శబ్దం నాకూ వినిపిస్తుంది. ఫికర్ లేదని మాత్రం నాకు నేను చెప్పుకోలేను.